నేల సీమ నుంచి నౌకాదళ అధిపతి దాకా: రామ్‌దాస్ కటారి గారి గురించి ఒక చర్చ

ఓరుగల్లు పాఠకుడు, హనుమకొండ

మిత్రులందరికీ నమస్కారం. మా కాలనీ గ్రంథాలయంలో నెలకొకరి గురించి ఒక పేజీ రాసి గోడ మీద పెడుతుంటాం. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం కావడంతో ఈసారి రామ్‌దాస్ కటారి గారి గురించి రాసే పని నా మీద పడింది. మొదలుపెట్టేలోపే ఎవరో పంపిన వాట్సాప్ సందేశం ఒకటి చేతికొచ్చింది. అందులో నాలుగు మాటలున్నాయి: ఆయన తెలంగాణలో పుట్టారని, మన నౌకాదళంలో తొలి అడ్మిరల్ అని, విమాన వాహక నౌక విక్రాంత్‌ను కొనిపించింది ఆయనేనని, గోవా యుద్ధాన్ని ముందుండి నడిపిందీ ఆయనేనని. గోడకెక్కిన మాటను పిల్లలు నమ్ముతారు కనుక, ఒక్కొక్కటీ సరిచూసుకోకుండా రాయదలచుకోలేదు.

నాకు నిజంగా తెలుసుకోవాలని ఉన్న విషయం ఇంకొకటి ఉంది. మన వైపు నుంచి సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చుని విశాఖకు పోవలసిందే. ఇటువంటి దక్కను నేల మీద చదువుకున్న కుర్రవాడు 1920లలో ఓడల దారి ఎలా పట్టాడు, పట్టి ఆ దళానికే అధిపతి ఎలా అయ్యాడు? తెలిసినవారు కాస్త వివరంగా రాయగలరు.

జనగామ మాస్టారు

పాఠకుడు గారూ, మీకొచ్చిన నాలుగు మాటల్లో మూడు తప్పు, ఒకటి సగం నిజం.

కటారి గారు పుట్టింది 1911 అక్టోబరు 8న, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని చెంగల్పట్టులో. పెరిగిందీ, బడి చదువు సాగిందీ హైదరాబాద్ సంస్థానంలో. కన్నుమూసింది 1983 జనవరిలో, సికింద్రాబాద్‌లో. కాబట్టి ‘ఇక్కడ పుట్టారు’ అని రాస్తే అబద్ధమవుతుంది, ‘ఇక్కడ పెరిగారు’ అని రాస్తే సరిపోతుంది. పుట్టిన ఊరు కన్నా పెరిగిన ఊరు తక్కువదని నేను అనుకోను.

హోదా విషయానికి వస్తే, ఆయన పదవిలో ఉన్నంత కాలం వైస్ అడ్మిరల్, అంటే అడ్మిరల్‌కు ఒక మెట్టు కింద. అప్పట్లో మన నౌకాదళ అధిపతి పదవికి ఉన్న హోదాయే అంత. అది పూర్తి అడ్మిరల్ స్థాయికి పెరిగింది 1968 మార్చిలో, ఎ.కె. చటర్జీ గారి కాలంలో. ‘తొలి అడ్మిరల్’ అని కాకుండా ‘నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి’ అని రాయండి, దానిని ఎవరూ కాదనలేరు. 1958 ఏప్రిల్ 22న ఆయన బ్రిటిష్ వైస్ అడ్మిరల్ సర్ స్టీఫెన్ కార్లిల్ నుంచి బాధ్యతలు తీసుకున్నారు, 1962 జూన్ 4 దాకా కొనసాగారు.

విక్రాంత్ కొనుగోలు 1957 నాటిది. అప్పటికి కటారి గారు అధిపతి కారు, సముద్రంలో మన నౌకా సముదాయానికి సేనాపతి. యుద్ధం ముగియడంతో సగంలో ఆగిపోయిన హెర్క్యులిస్ అనే బ్రిటిష్ నౌకను కొని, బెల్ఫాస్ట్‌లో పూర్తి చేయించి, 1961 మార్చి 4న దళంలో చేర్చుకున్నారు. ఆ వేడుకకు హైకమిషనర్ హోదాలో విజయలక్ష్మీ పండిట్ హాజరయ్యారు. అదే ఏడాది నవంబరు 3న నౌక బొంబాయి చేరితే నెహ్రూ గారు స్వయంగా స్వాగతం పలికారు. కొనిపించిన ఘనత ఆయనది కాదు, కొన్న నౌకను పనిలోకి తెచ్చుకున్న కాలం మాత్రం ఆయనది. ఒక విమాన వాహక నౌక వస్తోందంటే దానికి పైలట్లు కావాలి, మెకానిక్కులు కావాలి, పట్టే రేవు కావాలి, కాపలాగా తిరిగే చిన్న నౌకలు కావాలి. నా దృష్టిలో కొనడం కన్నా ఇది పెద్ద పని. ఫొటోలలో కనిపించదు కాబట్టి సందేశాలలోకి ఎక్కదు.

గోవా గురించి విడిగా రాస్తాను.

మాజీ నావికుడు, పరకాల

నేను 15 ఏళ్లు నౌకాదళంలో నావికుడిగా పని చేశాను. అధికారిని కాదు, ఆ తేడా ముందే చెప్పడం మంచిది. కటారి గారి జీవితంలో చాలామంది పట్టించుకోని మొదటి భాగం గురించి రాస్తాను.

ఆయన ఓడల దారి పట్టింది యుద్ధనౌకతో కాదు. బొంబాయి రేవులో లంగరు వేసి ఉంచిన డఫరిన్ అనే పాత ఓడను 1927లో శిక్షణా నౌకగా మార్చారు. భారతీయ కుర్రవాళ్లను వర్తక నౌకల అధికారులుగా తయారు చేయడం దాని ఉద్దేశం. ఆ మొదటి జట్టులోనే ఆయన ఉన్నారు, జట్టుకు నాయకుడై వైస్రాయ్ బంగారు పతకం కూడా అందుకున్నారు. అప్పటి ప్రభుత్వ సముద్ర దళంలో 1928 దాకా ఒక్క భారతీయుడికీ అధికారి హోదా దక్కలేదని గుర్తుంచుకోవాలి. దక్కినప్పుడు కూడా అది ఇంజనీరింగ్ శాఖలో. అంటే 16 ఏళ్ల కటారి ఎదుట యుద్ధనౌక తలుపు మూసి ఉంది, వర్తక నౌక తలుపు ఒక్కటే తెరిచి ఉంది.

తరువాత ఆయన కలకత్తా పోర్టు కమిషనర్ల కొలువులో హుగ్లీ నదిని సర్వే చేసే పనిలో చేరారు. సముద్రం నుంచి కలకత్తాకు ఓడ రావాలంటే దాదాపు 200 కిలోమీటర్లు నదిలో పైకి రావాలి. మన గోదావరిలో ఇసుక మేట ఒక వానాకాలానికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మారినట్టే హుగ్లీ అడుగున ఇసుక కూడా నిలకడగా ఉండదు. దామోదర్, రూప్‌నారాయణ్ నదులు కలిసే చోట జేమ్స్ అండ్ మేరీ అనే ఇసుక దిబ్బలు ఎన్ని ఓడలను మింగాయో నావికులు ఇప్పటికీ చెప్పుకుంటారు. సీసపు గుండును తాడుకు కట్టి దింపి, లోతు కొలిచి, గుండు అడుగున పూసిన కొవ్వుకు అంటుకున్న మట్టిని చూసి నేల ఎటువంటిదో తెలుసుకునేవారు. రోజుల తరబడి కొలిచిన అంకెలే చివరికి పటం మీద గీతలయ్యేవి. ఓపికకు ఇంతకన్నా గట్టి బడి ఉంటుందని నేను అనుకోను.

1939లో యుద్ధం మొదలవగానే ఆయన వాలంటీర్ రిజర్వులో చేరారు. అంటే అవసరం కోసం తీసుకున్న అధికారి, శాశ్వత ఉద్యోగి కాదు. అక్కడ జలాంతర్గాములను పసిగట్టే విద్యలో ప్రత్యేక శిక్షణ పొందారు. నా శాఖ కూడా అదే కనుక రెండు మాటలు ఎక్కువ రాస్తున్నాను. నీటిలోకి ఒక శబ్దాన్ని వదిలి, ఏదైనా వస్తువుకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటారు, దాన్ని బట్టి దూరమూ దిశా లెక్క కడతారు. చెప్పడానికి ఇంతే. ఎండకు వేడెక్కిన పైనీరు ఒక పొర, కింది చల్లని నీరు ఇంకొక పొర అవుతాయి, ఆ రెంటి నడుమ శబ్దం వంగిపోతుంది. తెలివైన జలాంతర్గామి ఆ పొర కింద నక్కి ఉంటుంది. కొత్తలో నేను ఒకసారి చేపల గుంపును జలాంతర్గామి అనుకుని కేక పెట్టాను. కెప్టెన్ గారు నిద్ర లేచి వచ్చి, విని, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది. నది అడుగును చేత్తో కొలిచినవాడికి ఈ విద్య త్వరగా పట్టుబడి ఉంటుందని నా ఊహ, ఊహ మాత్రమే.

కాజీపేట జంక్షన్

పెద్దలు మన్నించాలి. కటారి గారి తెలివిని నేను తక్కువ చేయడం లేదు కానీ, ఆయన ఎదుగుదలలో కాలం పాత్ర ఎంతో కూడా రాయాలి.

సైన్యానికి భారతీయ అధిపతి 1949 జనవరి 15న వచ్చారు, ఆయన కరియప్ప. వాయుసేనకు 1954 ఏప్రిల్ 1న వచ్చారు, ఆయన సుబ్రతో ముఖర్జీ. నౌకాదళానికి 1958 దాకా రాలేదు. పాకిస్తాన్ నౌకాదళానికి కూడా 1953లోనే స్వదేశీ అధిపతిగా చౌధురి వచ్చారు, ఆయన దేశ విభజన నాడు అటు వెళ్లిన అధికారి. మనకు ఇంత ఆలస్యం ఎందుకైంది? పెద్ద నౌకలను నడిపిన అనుభవం ఉన్న భారతీయులు లేక. పై వరుస మొత్తం బ్రిటిష్ వారిది. వాళ్లు వెళ్లేసరికి కింది వరుసలో నిలబడి ఉన్నవారు అమాంతం పైకి వచ్చారు. 1911లో పుట్టిన మనిషి 1958 ఏప్రిల్‌లో అధిపతి అయ్యారంటే 46 ఏళ్లు. దిగిపోయేనాటికి 50 ఏళ్లు. ఈ రోజు ఆ పదవికి మూడేళ్ల కాలం లేదా 62 ఏళ్ల వయసు, ఏది ముందైతే అది హద్దు. 50 ఏళ్ల అధికారి ఇప్పుడు రియర్ అడ్మిరల్, అంటే అడ్మిరల్‌కు రెండు మెట్లు కింద, అయితేనే గొప్ప. ఖాళీ కుర్చీలు లేకపోతే హుగ్లీ సర్వేయరు ఆ కుర్చీ దాకా వచ్చేవారా అన్నది నా సందేహం.

జనగామ మాస్టారు

అంకెలు సరైనవే, తీర్పుతో మాత్రం నాకు పేచీ ఉంది. ఖాళీ కుర్చీలు ఒక్కరికే కనిపించలేదు. ఆయనతోపాటు ఆ వరుసలో నిలబడినవారు ఇంకా ఉన్నారు, వారిలో మొదటి నుంచీ శాశ్వత అధికారులుగా శిక్షణ పొందినవారూ ఉన్నారు. రిజర్వు నుంచి వచ్చిన మనిషి వారందరి మధ్య నెగ్గుకు రావడం చిన్న విషయం కాదు. 1956 అక్టోబరు 2న నౌకా సముదాయానికి తొలి భారతీయ సేనాపతి అయినప్పుడు ఆయనను నియమించినవారి ఎదుట ఉన్నది ఖాళీ కాదు, ఒక పరీక్ష. ఇచ్చి చూశారు, ఆయన నిలిచారు.

బ్రిటిష్ వారి విషయంలో కూడా ఒక మాట చెప్పాలి. 1948 నుంచి 1951 దాకా మన నౌకాదళాన్ని నడిపిన పారీ, అంతకుముందు 1939లో రివర్ ప్లేట్ యుద్ధంలో అకిలీస్ అనే క్రూజరుకు, అంటే ఒక పెద్ద యుద్ధనౌకకు, కెప్టెన్. అదే అకిలీస్‌ను మనం 1948లో కొని ఢిల్లీ అని పేరు పెట్టుకున్నాం. తాను యుద్ధం చేసిన ఓడ మీదే ఇతర దేశపు కుర్రవాళ్లకు పని నేర్పే యోగం అందరికీ రాదు. కటారి తరం వాళ్లు అటువంటి వారి దగ్గర నేర్చుకున్నారు. ఆ శిక్షణ ఉపయోగపడిందా, లేక స్వదేశీ నాయకత్వాన్ని పదేళ్లు ఆలస్యం చేసిందా అన్నది మీరు అడిగినట్టే అడగవచ్చు. నా సమాధానం రెండూ అని.

గోదావరిఖని రాత్రి షిఫ్టు

మాస్టారూ, విభజన మాట వచ్చింది కనుక మా వైపు వాళ్లకు నచ్చే ఒక ముచ్చట రాస్తాను. 1947లో ఓడలను ఉజ్జాయింపుగా మూడింట రెండు వంతులు మనకు, ఒక వంతు పాకిస్తాన్‌కు పంచారు. స్లూపులనే ఆరు చిన్న యుద్ధనౌకలకు నదుల పేర్లే ఉండేవి. సట్లెజ్, జమున, కృష్ణ, కావేరి మనకు వచ్చాయి. నర్మద, గోదావరి అటు పోయాయి. సట్లెజ్ మనకు రావడం, గోదావరి పాకిస్తాన్‌కు పోవడం ఎంత విచిత్రమో చూడండి. తరువాత వాళ్లు దానికి సింధ్ అని పేరు మార్చుకున్నారు.

గోదావరి అనే పేరు మన నౌకాదళంలోకి మళ్లీ వచ్చింది 1983 డిసెంబరు 10న, మనవాళ్లే రూపకల్పన చేసిన ఫ్రిగేటు అనే మధ్యతరహా యుద్ధనౌకతో. కటారి గారు అదే ఏడాది జనవరిలో పోయారు.

ఓరుగల్లు పాఠకుడు, హనుమకొండ

ఈ సంగతి నాకు తెలియదు. గోడ పేజీలో తప్పక పెడతాను. సముద్రం లేని వాళ్లమని నేను మొదట రాసినందుకు మా ఇంట్లోనే అభ్యంతరం వచ్చింది. కాకతి గణపతిదేవుడు ఓరుగల్లు నుంచే మోటుపల్లి రేవును ఏలాడని, 1244 నాటి అభయ శాసనం అక్కడే ఉందని మా అబ్బాయి గుర్తు చేశాడు. అంతకుముందు రాజులు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును దోచుకునేవారనీ, తాను సుంకం తప్ప మరేమీ తీసుకోననీ గణపతిదేవుడు అందులో వ్యాపారులకు మాట ఇచ్చాడు. కాబట్టి సముద్రంతో మనకు చుట్టరికం లేదని అనను, రాకపోకలు తగ్గాయని అంటాను.

నర్సంపేట అమ్మ

నేను చదువరిని మాత్రమే, ఎప్పుడూ రాయలేదు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది, ఎన్‌డీఏ (జాతీయ రక్షణ అకాడమీ) పరీక్ష రాసి నౌకాదళం కోరుకుంటానని పట్టు పడుతోంది. దానికి చెరువు తప్ప నీళ్లు తెలియవు. బంధువులేమో తీరప్రాంతం పిల్లలకే ఆ ఉద్యోగాలు నప్పుతాయని అంటున్నారు. పరకాల సార్, మీరు చూసినదాన్ని బట్టి చెప్పండి, అది నిజమేనా? అధికారిగా చేరినవాళ్లు ఏ మెట్లు ఎక్కి పై దాకా పోతారో కూడా తెలిస్తే బాగుంటుంది.

మాజీ నావికుడు, పరకాల

అమ్మా, అది నిజం కాదు. అలలు ఊరు అడగవు. మొదటి ప్రయాణంలో విశాఖ జాలరి కుటుంబం నుంచి వచ్చిన నా స్నేహితుడు, నేను ఒకే బకెట్టుకు అటూ ఇటూ కూర్చుని వాంతులు చేసుకున్నాం. నాలుగు రోజులకు ఇద్దరికీ తగ్గింది. ఈత అకాడమీలో నేర్పుతారు, పరీక్ష పెట్టి నెగ్గే దాకా వదలరు. తీరం పిల్లలకు గాలి వాసన ముందే తెలుస్తుంది, అంతవరకే తేడా. కళ్ల పరీక్ష మాత్రం ముందే చేయించండి, ముఖ్యంగా రంగులు గుర్తించే చూపు. చదువులో మొదటి వరుసలో ఉన్న పిల్లలు కూడా అక్కడ ఆగిపోవడం నేను చూశాను.

మెట్ల విషయం చెబుతాను. ఎన్‌డీఏలో మూడేళ్లు, ఆపైన కేరళలోని ఎళిమల అకాడమీలో, శిక్షణ నౌకల మీద మరికొంత కాలం గడుస్తుంది. సబ్ లెఫ్టినెంట్‌గా మొదలై లెఫ్టినెంట్, లెఫ్టినెంట్ కమాండర్, కమాండర్ దాకా సర్వీసు కాలాన్ని బట్టి, పరీక్షలను బట్టి వస్తాయి. కమాండర్ హోదాకు 13 ఏళ్ల సర్వీసు కావాలి. అక్కడి నుంచి దారి సన్నబడుతుంది. కెప్టెన్ హోదాకు బోర్డు కూర్చుని ఎంపిక చేస్తుంది. ఆపై కమడోర్, రియర్ అడ్మిరల్, వైస్ అడ్మిరల్, చివరికి ఒకే ఒక్క అడ్మిరల్. ఒక్కో మెట్టుకు మనుషులు సగానికి పైగా రాలిపోతారు.

కుర్ర అధికారికి మొదటి పెద్ద పరీక్ష వాచ్ కీపింగ్ పత్రం. కెప్టెన్ కింద గదిలో నిద్రపోతుండగా ఓడను ఒంటరిగా నడిపించగలడని ఆయన సంతకం చేసి ఇచ్చే నమ్మకం అది. అది రాని అధికారిని నావికులు కూడా అధికారిగా చూడరు. ఎంత పెద్ద హోదాకు వెళ్లినా, ఓడలకు కెప్టెన్‌గా ఎలా పని చేశారన్నదే ఆ మనిషి పేరు నిలబెడుతుంది. ఓడ నేలకు తగిలితే ఆ క్షణంలో నిద్రలో ఉన్నా సరే, జవాబు చెప్పవలసింది కెప్టెనే.

నిట్ హాస్టల్

అమ్మగారికి ఒక మాట. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా తారిణి అనే తెరచాప పడవ మీద ఆరుగురు మహిళా అధికారులు భూమిని చుట్టి వచ్చారు, మొత్తం 254 రోజులు పట్టింది. ఆ ఆరుగురిలో ఐశ్వర్య బొడ్డపాటి గారు హైదరాబాద్ వాసి, స్వాతి గారు విశాఖ వాసి. దక్కనూ తీరమూ ఒకే పడవలో తిరిగాయి. ఎన్‌డీఏలోకి అమ్మాయిలు 2022లో చేరడం మొదలైంది, తొలి జట్టు 2025 మేలో బయటికొచ్చింది. మీ అమ్మాయికి తెరిచి ఉన్న తలుపులు డఫరిన్ నాటి కటారి గారికి లేవు.

కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లో గురుకుల సైనిక పాఠశాల, భువనగిరిలో అమ్మాయిల సాయుధ దళాల డిగ్రీ కళాశాల ఉన్నాయన్నది కూడా మీ చుట్టుపక్కల వాళ్లకు చెప్పండి.

చర్చకు కాస్త పక్కదైనా ఇంకొక విషయం. నౌకాదళమే ఇప్పుడు మన దక్కనుకు వస్తోంది. వికారాబాద్ దగ్గర దామగుండంలో అతి తక్కువ పౌనఃపున్య రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలోకి దిగలేవు, ఈ పొడవాటి తరంగాలు కొన్ని మీటర్ల లోతు దాకా దిగి, మునిగి ఉన్న జలాంతర్గామికి కబురు చేరుస్తాయి. పంపే కేంద్రం ఒడ్డునే ఉండాలన్న నియమం లేదు. అడవి పోతోందన్న ఆందోళనలో న్యాయం ఉందని నేను అనుకుంటాను, అది వేరే చర్చలో మాట్లాడుకోవాలి.

జనగామ మాస్టారు

గోవా గురించి రాస్తానన్నాను. సందేశంలోని నాలుగో మాట సగం నిజమన్నది ఇందుకు.

1961 డిసెంబరు 18, 19 తేదీల్లో, గోవాను పోర్చుగీసు పాలన నుంచి విడిపించిన ఆ చర్య నాటికి కటారి గారు నౌకాదళ అధిపతి. అంటే ఢిల్లీలో కూర్చుని ప్రణాళికకు, సన్నద్ధతకు, ఫలితానికి బాధ్యత వహించే మనిషి. ఓడ మీద నిలబడి తుపాకులు పేల్పించింది ఆయన కాదు. మొత్తం చర్యను నడిపింది సైన్యపు దక్షిణ కమాండ్ అధిపతి జె.ఎన్. చౌధురి. 1948లో హైదరాబాద్‌లోకి సైన్యాన్ని నడిపించిన చౌధురి ఆయనే కనుక మన పెద్దవాళ్లకు ఆ పేరు కొత్త కాదు.

మార్మగోవా రేవులో బెత్వా, బియాస్ ఫ్రిగేట్లు, వాటితోపాటు కావేరి, పోర్చుగీసు నౌక అల్బుకర్క్‌ను ఎదుర్కొన్నాయి. దాని కెప్టెన్ గాయపడ్డాడు, నౌకను ఒడ్డుకు తోలి వదిలేశారు. గోదావరిఖని సోదరుడు చెప్పిన నాలుగు నదుల్లో కావేరికి దక్కిన పని ఇది. దియు వైపు ఢిల్లీ క్రూజరు కోట మీద గుళ్లు కురిపించింది.

గెలుపు కథల్లో సాధారణంగా వదిలేసే భాగం అంజదీవ్. కార్వార్ తీరానికి ఎదురుగా ఉన్న చిన్న దీవి అది. త్రిశూల్, మైసూర్ నౌకల నుంచి నావికులు పడవల్లో దిగారు. ఎదుటి నుంచి తెల్ల జెండా కనిపించింది, దాని వెనకే కాల్పులు వచ్చాయి. ఏడుగురు మనవాళ్లు చనిపోయారు. ఇది సైనికులకు కాక నావికులకు అప్పగించిన నేల యుద్ధం. ఆ పని వారికి ఎంతవరకు నేర్పారన్నది అధిపతిని అడగవలసిన ప్రశ్నే. గోడ మీది పేజీలో విక్రాంత్ బొమ్మ పెట్టినా పెట్టకపోయినా అంజదీవ్ పేరు మాత్రం ఉండాలని నా కోరిక.

కాజీపేట జంక్షన్

మాస్టారు ఈ మాట రాసినందుకు సంతోషం. అధిపతి కాలంలోని గెలుపు ఆయన ఖాతాలో వేస్తే నష్టం కూడా అక్కడే వేయాలి. ఖాళీ కుర్చీ వాదన నేను వదులుకోలేదు, కానీ పరకాల గారు రాసిన హుగ్లీ భాగం చదివాక కొంత మెత్తబడ్డాను.

డిపో లెక్కలు, హనుమకొండ

నేను ఆర్టీసీలో పని చేసి రిటైరైన మనిషిని. ఇంత చర్చలో ఎవరూ ముట్టని సంగతి ఒకటి ఉంది: 1962లో నౌకాదళం నుంచి దిగిపోయాక కటారి గారు మన ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి ఛైర్మన్‌గా పని చేశారు. నిజాం రైల్వేలో భాగంగా 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలైన రవాణా శాఖే 1958 జనవరి 11న కార్పొరేషన్ అయింది. ఆయన నౌకాదళ అధిపతి అయిన సంవత్సరమూ అదే కావడం యాదృచ్ఛికం.

యుద్ధనౌకల నుంచి బస్సులకా అని నవ్వేవాళ్లుంటారు. డిపోలో పని చేసినవాళ్లు నవ్వరు. తెల్లవారు నాలుగు గంటలకు మొదటి సర్వీసు గేటు దాటాలంటే రాత్రి మెకానిక్కు సంతకం పెట్టాలి, డ్రైవరు నిద్ర చాలినంత పోయి ఉండాలి, టైరు స్టాకులో ఉండాలి, కండక్టరు టికెట్ల లెక్క రాసే వేబిల్లు తేలాలి. ఎక్కడో దారిలో ఆగిపోయిన బస్సుకు జవాబు చెప్పవలసింది డిపో మేనేజరు. పరకాల సార్ కెప్టెన్ గురించి రాసినది చదువుతుంటే మా మేనేజర్లే గుర్తొచ్చారు. బండి మన కంటికి కనిపించని చోట నడుస్తుంది, బాధ్యత మాత్రం మన దగ్గరే ఉంటుంది.

మంథని కోడలు

ఆర్టీసీ తరువాతి ఉద్యోగం గురించి నేను చెబుతాను. 1964 నుంచి ఆయన బర్మాలో భారత రాయబారి. మా పుట్టిల్లు శ్రీకాకుళం వైపు. ఇక్కడి వాళ్లు బతుకు కోసం భివండీ, సోలాపూర్ పోయినట్టు మా వైపు వాళ్లు రంగం పోయేవారు. మేము రంగూన్‌ను రంగం అనే అంటాం. 1962లో సైన్యాధిపతి నే విన్ అధికారం చేజిక్కించుకున్నాడు, 1964లో దుకాణాలు సర్కారు పరం చేశాడు. తరాలుగా అక్కడున్న భారతీయులు లక్షల్లో తిరిగి రావలసి వచ్చింది. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చిందే.

కటారి గారు రాయబారిగా వెళ్లింది సరిగ్గా ఆ రోజుల్లో. ఓడలెక్కి వచ్చేవాళ్లు నగలు, నగదు వదిలి రావలసి వచ్చిందని మా నాయనమ్మ చెప్పేది. ఆమె చేతులకు ఇత్తడి గాజులే మిగిలాయి. రాయబారి చేతిలో యుద్ధనౌకలు ఉండవు, ఉన్నది మాట ఒక్కటే. నౌకాదళ అధిపతిగా చేసిన మనిషికి ఆ ఉద్యోగం ఎంత కష్టంగా తోచి ఉంటుందో అని అనుకుంటూ ఉంటాను. ఆయన గురించి రాసేవాళ్లు ఈ భాగాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు, మీ గోడ మీద రెండు వాక్యాలైనా ఇవ్వండి.

ఓరుగల్లు పాఠకుడు, హనుమకొండ

తప్పకుండా ఇస్తాను, అమ్మా. విక్రాంత్‌కు ఇచ్చిన స్థలంలో సగం తగ్గించి హుగ్లీ నదికి, బర్మాకు ఇస్తున్నాను. ‘తెలంగాణలో పుట్టిన’ అన్న మాట కొట్టివేశాను. అంజదీవ్ పేరు రాశాను. పేజీ దాటిపోతోంది, గ్రంథపాలకుడు గారు రెండో కాగితానికి ఒప్పుకున్నారు.

నర్సంపేట అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. మా అమ్మాయి ఇదంతా చదివి ఒక్కటే అడగమంది: ఓడ మీద అన్నిటికన్నా కష్టమైన కాపలా ఏది సార్?

మాజీ నావికుడు, పరకాల

బిడ్డతో చెప్పండి: అర్ధరాత్రి 12 నుంచి 4 దాకా ఉండే మిడిల్ వాచ్. నాలుగు గంటలకొక కాపలా మారుతుంది. 11:45కు భుజం తట్టి లేపుతారు. వెంటనే పైకి పోకూడదు, ఎర్ర దీపం వెలుగులో కాసేపు నిలబడి కళ్లను చీకటికి అలవాటు చేసుకోవాలి, లేకపోతే పైకి వెళ్లాక ఏమీ కనిపించదు. రెండు గంటల ప్రాంతంలో కింది నుంచి చాయ్ వస్తుంది. ఆ తరువాతి గంట చాలా పొడవుగా ఉంటుంది.

గోదావరిఖని రాత్రి షిఫ్టు

మా బొగ్గు బాయిలో కూడా ఆ గంటే, సార్. రాత్రి షిఫ్టులో మూడు దాటాక.